కొట్టేసిన బౌట్

పోయిన వారం మనం కెజియాను అల్లూరు రొయ్యల షెడ్డు తలుపు దగ్గర వదిలిపెట్టాం. ఒక చెయ్యి గడియ మీద, రెండో చెయ్యి భుజానికున్న సంచి మీద. రాష్ట్ర బాక్సింగ్ పోటీలకు జిల్లా నుంచి హెవీ వెయిట్‌లో ఒక్క పేరే పంపాలి. సాయంత్రం ఐదుకు గడువు. ఆ పేరు విడవలూరు మాల్యాద్రిదా, అల్లూరు సుశీల్ కుమార్‌దా అన్నది ఇద్దరినీ రింగులో దించి తేల్చవలసిన మాట. కానీ మొన్న శుక్రవారం ఆడిన బౌట్‌లో మాల్యాద్రి కనుబొమ చిట్లి ఏడు కుట్లు పడ్డాయి. మూడు వారాలు ముఖం మీద దెబ్బ పడకూడదని డాక్టరు చెప్పాడు. అందుకని జిల్లా సంఘం కార్యదర్శి నరేంద్రబాబు, ఇద్దరి రికార్డులూ పక్కపక్కన పెట్టి చూసి నిర్ణయిద్దామన్నాడు. ఆ రికార్డులు రాసేది కెజియా. సుశీల్ ఆమెకు స్వయానా అన్న. ఆ పొద్దున్నే దొరికిన కాగితం ఒకటి ఆమె సంచిలో ఉంది. దాని సంగతి అన్నకు కూడా చెప్పలేదు.

గడియ తీసింది.

ఆ షెడ్డులో ఒకప్పుడు రొయ్యలు కడిగి ఐసులో సర్దేవాళ్లు. నీళ్లు కాలువలోకి పోవడానికి నేలను ఒక పక్కకు వాలుగా వేశారు. బాక్సింగ్ క్లబ్బు వచ్చి పదేళ్లయినా ఆ వాలు పోలేదు, వాసనా పోలేదు. రింగు చుట్టూ బల్లల మీదా ఖాళీ ఐసు పెట్టెల మీదా అరవై మంది దాకా కూర్చున్నారు. ఎడమ పక్క విడవలూరు, కుడి పక్క అల్లూరు. పెళ్లిపందిట్లో అటువాళ్లూ ఇటువాళ్లూ కూర్చున్నట్టే ఉంది. కాకపోతే ఇక్కడ ఇద్దరూ పెళ్లికొడుకులే.

ఆ ఇద్దరూ రింగు తాడుకు ఆనుకుని, ఒకే పొట్లంలోంచి వేరుశనక్కాయలు తింటున్నారు. ఇరవై తొమ్మిదేళ్ల సుశీల్ పక్కవాడి చెవిలో ఏదో చెబుతున్నాడు. కంటి మీద పట్టీతో ఇరవై నాలుగేళ్ల మాల్యాద్రి నవ్వు ఆపుకుంటున్నాడు, నవ్వితే కుట్లు లాగుతాయని. బల్ల వెనక నరేంద్రబాబు పక్కన ముసలి హజరత్తయ్య కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ పిడికిలి బిగించడం నేర్పింది ఆయనే.

"టీచరమ్మా, నీ అన్నకి నువ్వే మార్కులేస్తావా?" విడవలూరు వైపు ముందు వరసలోంచి వెంకటశేషమ్మ అడిగింది. ఆమె మాల్యాద్రికి మేనత్త. వరికోతలు అయిపోవడంతో ట్రాక్టరు ట్రాలీ నిండా జనాన్ని ఎక్కించుకుని వచ్చింది.

"మార్కులు నేనెయ్యను అత్తా. ఉన్నది ఉన్నట్టు చదువుతా. వేసేది వాళ్లిద్దరూ," కెజియా బల్ల వైపు చూపించి కూర్చుంది.

తరగతిలో హాజరు పిలిచే గొంతుతో చదివింది. "సుశీల్ కుమార్, అల్లూరు. ఇరవై నాలుగు బౌట్లు. ఇరవై ఒక్క గెలుపులు, మూడు ఓటములు. గెలిచిన వాటిలో పదకొండు ఎదుటివాడు ఇక ఆడలేక మధ్యలోనే ఆగినవి. మాల్యాద్రి, విడవలూరు. పద్నాలుగు బౌట్లు, పద్నాలుగు గెలుపులు. తొమ్మిది మధ్యలో ఆగినవి."

"ఓటమి గళ్లో ఏముందమ్మా?"

"సున్నా అత్తా."

"ఇంకోసారి చదువు. నాకు చెవులు సరిగా ఇనపడవు."

"సున్నా."

విడవలూరు వైపు చప్పట్లు మోగాయి. అల్లూరు వైపు నుంచి సుబ్బు లేచాడు. చెరువుల దగ్గర రొయ్యల కాటా చూసే మనిషి. సుశీల్ ఎక్కడ ఆడినా పని మానుకుని పోయి ఈల వేస్తాడు.

"ఆ పద్నాలుగులో ఒకడు కల్యాణమండపంలో వంటోడు అత్తా! గరిట కడుక్కుని రింగెక్కినాడంట."

"వంటోడైతే ఏంది? తొంభై కిలోలుండాడు. మీవాడు కావలి ఆయన్ని ఐదుసార్లు కొట్టినాడు. ఒకే మడిసిని ఐదుసార్లు కొట్టి ఐదు గెలుపులని రాసుకుంటారా? మా ఊళ్లో దాన్ని పాతకక్ష అంటారు."

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. సుశీల్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"ఇంకో మాట," వెంకటశేషమ్మ వదల్లేదు. "మీవాడి గెలుపుల్లో పన్నెండు ఈ షెడ్డులోనే. ఈ నేలేమో వాలు. మీవాడు ఎగువ మూలన నిలబడతాడు, ఎదుటోడు తన్నకుండానే దిగువకి జారతాడు."

"మరి మీ మాల్యాద్రి ఇక్కడ ఆడిన రెండుసార్లూ ఏ మూల అడిగినాడో కనుక్కో!" అన్నాడు సుబ్బు.

"ఎగువ మూలే అడిగినా అత్తా," మాల్యాద్రి బుద్ధిగా ఒప్పుకున్నాడు. మేనత్త తల కొట్టుకుంది.

నరేంద్రబాబు బల్ల చరిచాడు. "కెజియా, ఇట్టా అరుచుకుంటే ఐదు కాదు, పదైనా తేలదు. నువ్వు చెప్పు."

కెజియా రెండో కాగితం తీసింది. దాని కోసం ఆమె నాలుగు రోజులు కూర్చుంది. "గెలుపులు లెక్కపెడితే తేలదు సార్. ఎవరి మీద గెలిచారో చూడాలి. ఇద్దరితోనూ తలపడినవాళ్లు నలుగురున్నారు. కావలి, గూడూరు, ఆత్మకూరు, కోవూరు. మాల్యాద్రి నలుగురినీ ఓడించాడు, ముగ్గురిని రెండో రౌండు దాటనివ్వలేదు. సుశీల్ కూడా నలుగురినీ ఓడించాడు, కానీ అందరితోనూ మూడు రౌండ్లూ ఆడి పాయింట్ల మీద. గూడూరు అతని చేతిలో మొదటిసారి ఓడిపోయాడు కూడా."

అల్లూరు వైపు గుసగుసలు లేచాయి. ఆమె తల ఎత్తలేదు.

"మాల్యాద్రి ఆడేనాటికి గూడూరు అతనికి భుజం దెబ్బతిని ఉంది. అది కూడా రాశాను. సుశీల్ మిగతా రెండు ఓటములూ రాష్ట్ర పోటీల్లో. ఎదుటివాళ్లు నేవీ బాక్సర్లు. మాల్యాద్రి ఇంతవరకు జిల్లా దాటి ఆడలేదు."

ఇటు ఒక మాట, అటు ఒక మాట. నరేంద్రబాబు గడ్డం గోక్కున్నాడు. "నాకైతే సమానంగానే కనపడతాండాది. ఇంకేమన్నా ఉందా?"

ఉంది. కెజియా సంచిలో చెయ్యి పెట్టింది.

ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లీ తండ్రీ ఒకే ఏడాది పోయారు. చెల్లెలి చదువు ఆగకూడదని సుశీల్ తన చదువు ఆపుకుని రొయ్యల చెరువులో పనికి కుదిరాడు. తెల్లవారుజామున గట్ల మీద పరుగు, పగలంతా మేత చల్లడం, సాయంత్రం ఈ షెడ్డు. వచ్చే ఏటికి ముప్పై. ఆ పైన రాష్ట్ర జట్టు కోసం అతని వైపు చూసేవాళ్లు ఉండరు. ఇది అతనికి ఆఖరి అవకాశమని షెడ్డులో అందరికీ తెలుసు. అందరికన్నా ఆమెకు బాగా తెలుసు.

హజరత్తయ్య పాత రిజిస్టర్లను ఆమె కొత్తగా రాసిపెడుతోంది. ఒకదాంట్లో ఉప్పుగాలికి అతుక్కుపోయిన రెండు పేజీలు ఆ పొద్దున విడివడ్డాయి. మధ్యలో ఎవరూ చూడని బౌట్ ఒకటి బయటపడింది.

"ఆరేళ్ల కిందట, ఈ షెడ్డులోనే," కెజియా చదివింది. "సుశీల్ కుమార్, అల్లూరు. మాల్యాద్రి, విడవలూరు. మూడు రౌండ్లు. రెండో రౌండులో మాల్యాద్రి రెండుసార్లు కింద పడ్డాడు. గెలుపు, సుశీల్ కుమార్."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అల్లూరు వైపు ఐసు పెట్టెలు దొర్లాయి. సుబ్బు పెట్టె మీదికెక్కి ఈల వేశాడు. ఆరేళ్లుగా టీ అంగళ్ల దగ్గరా బస్టాండులోనూ అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్న తగువు ఒక్క వాక్యంతో తీరిపోయింది. సున్నా అనే మాట ఇక లేదు.

అక్కడితో ఆగిపోవచ్చు. కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంటే అడిగేవాళ్లు లేరు. కెజియా వేలు ఇంకా ఆ వరస మీదే ఉంది.

"ఇంకా ఉంది," అంది. ఎవరూ వినలేదు. లేచి నిలబడి, పిల్లలు అల్లరి చేస్తున్నప్పటి గొంతుతో మళ్లీ అంది. "ఇంకా ఉంది! ఈ బౌట్ మీద గీత కొట్టి ఉంది. గీత పక్కన హజరత్తయ్య తాత సంతకం. కారణం రాయలేదు."

అందరూ ముసలాయన వైపు తిరిగారు.

"గీత నేను కొట్టిందే," హజరత్తయ్య కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నాడు. "ఎందుకో ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్న పెద్దమనిషి ఈడనే ఉండాడు. ఆయన్నే అడగండి."

సుశీల్ చేతిలో వేరుశనక్కాయల పొట్టు దులుపుకున్నాడు.

"ఏం చెల్లా, ఆ పేజీ నీకెట్టా దొరికింది? బంక పెట్టి మరీ అంటించినా కదా."

"ఉప్పుగాలి అనుకున్నా."

"మైదాపిండి."

అన్నను చూస్తే ఆమెకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఎందుకు కొట్టేయించావు?"

"తూకం తప్పు. ఆ రోజుల్లో హెవీ వెయిట్ అంటే తొంభై ఒకటి దాటకూడదు. అప్పుడు క్లబ్బుకి కాటా యాడుండాది? రొయ్యల కాటా మీదే ఎక్కినాం. చూసింది సుబ్బన్న, బౌట్ సంగతి ఆయనకి చెప్పలా. తొంభై ఒకటి అని అరిచినాడు, తాత రాసుకున్నాడు. నేను ముందుకి చూస్తా నిలబడినా, ముల్లు చూసుకోలా. మర్నాడు చెరువులో పట్టుబడి, రొయ్యలు తీసే రోజు. రొయ్యల టబ్బెత్తి అదే కాటా మీద పెట్టినా. ముల్లు నలభై రెండు మీదుండాది, సుబ్బన్న నలభై అన్నాడు. ఏందన్నా అంటే, టబ్బుకి రెండు కిలోలు తియ్యాల గదరా అన్నాడు."

సుబ్బు వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు.

"అప్పుడు నాకు వెలిగింది. పోయి కాటా ఎక్కి నేనే చూసుకున్నా. తొంభై మూడు."

"అంటే..." వెంకటశేషమ్మ మెల్లగా లేచింది. "మడిసిని టబ్బు లేకుండా నిలబెట్టి, టబ్బు బరువు తీసేసినావా సుబ్బు?"

"పదేళ్ల అలవాటు కదత్తా," సుబ్బు పెట్టె మీద నుంచి దిగాడు. "ముల్లు చూస్తే చాలు, నోరు దానంతటదే రెండు తగ్గిస్తాది. మా ఇంట్లో పాపాయిని తూచినా అంతే. బిడ్డ బరువు పెరగలేదని మా ఆడది ఏడ్చింది కూడా."

ఈసారి రెండు వైపులా కలిసి నవ్వారు. నరేంద్రబాబు కళ్లలో నీళ్లు తుడుచుకున్నాడు. నవ్వనిది మాల్యాద్రి ఒక్కడే.

"తాతా, తూకం తప్పని నాకు చెప్పినావు. ఎవరి తూకమో చెప్పలేదే," అన్నాడు. "నాదే తక్కువేమో, అందుకే కొట్టేసినారేమో అనుకున్నా. అప్పటి నుంచి పూటకి రెండు గిన్నెలన్నం ఎక్కువ తిన్నా."

"ఆ సంగతి మా బియ్యం బానకి తెలుసు," అంది మేనత్త.

"హెవీ వెయిట్ కానోడు హెవీ వెయిట్ వాణ్ణి కొడితే అది గెలుపెట్టా అవుతాది?" సుశీల్ అన్నాడు. "పద్దెనిమిదేళ్ల పిలగాడు. ఏడు కిలోలు తేడా. దాన్ని నా పేరు కింద రాసుకోలేకపోయినా. పంపించండి వాణ్ణి. వాడు కొట్టేటప్పుడు ఎప్పుడన్నా చూసినారా? ఎడమ చెయ్యి లేచేముందు ఎవడిదైనా భుజం కదులుతాది, వాడిది కదలదు. నేను వాడి తొమ్మిది బౌట్లు జనంలో నిలబడి చూసినా. ఒక్కసారి కూడా ముందే పసిగట్టలేకపోయినా."

"నువ్వు వచ్చినావా?" మాల్యాద్రి ఆశ్చర్యపోయాడు.

"కోవూరుకి తలగుడ్డ చుట్టుకోని వచ్చినా."

"నేను నీవి పదకొండు చూసినా!" మాల్యాద్రికి కుట్ల సంగతి గుర్తు లేదు. "సార్, అన్నని పంపండి. మూడు ఓటములంటారే గాని, ఆ మూడింట్లోనూ అన్న కింద పడలా. నేవీ ఆయన కడుపులో కొట్టినప్పుడు అన్న వెనక్కి పోలేదు సార్, ముందుకి పోయినాడు. దెబ్బ తిన్నాక ముందుకి పోయేవాణ్ణి నేనింకెవర్నీ చూడలా. రెండు కిలోలంట! నేను పడింది రెండు కిలోలకి కాదు. ఆ రెండో దెబ్బ నాకు కనపడనే లేదు."

"నువ్వు తగ్గించి చెప్పుకోబాకు. గూడూరాయన్ని ఒకటిన్నర నిమిషంలో పడేసినావు."

"ఆయనకి భుజం బాగలేదంట గదా, అక్క చదవలా? నువ్వు బాగున్నప్పుడు కొట్టినావు!"

ఇంతసేపూ తమవాడి కోసం అరిచినవాళ్లకు ఇప్పుడు ఎటు అరవాలో తెలియలేదు. సుబ్బు అలవాటు కొద్దీ సుశీల్ మాటకు చప్పట్లు కొట్టి, అది మాల్యాద్రికి పోతోందని తెలిసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

నాలుగు ఇరవై. నరేంద్రబాబు హజరత్తయ్య చెవిలో ఏదో అన్నాడు. ఆయన తలాడించాడు.

"కెజియా, మా ఇద్దరికీ తెగట్లేదు. గీత సంగతి దాచకుండా చదివినదానివి. నువ్వే చెప్పు. నువ్వేం చెబితే అదే."

కెజియా చేతిలోని కాగితాలు సర్దింది. అవి సర్దుగానే ఉన్నాయి. మళ్లీ సర్దింది.

"కొట్టేసిన బౌట్ లెక్కలోకి రాదు," అంది. "కొట్టేయమన్నది సుశీలే గనక ఆ మాట అతనికీ వర్తిస్తుంది. మిగిలింది ఆ నలుగురు. గూడూరు అతన్ని పక్కన పెట్టి ముగ్గురినే చూసినా, మాల్యాద్రి ఇద్దరిని మధ్యలోనే ఆపాడు. సుశీల్ ఎవరినీ ఆపలేకపోయాడు. బయట ఆడిన అనుభవం సుశీల్‌కు ఉంది. కానీ మనం చూడాల్సింది ఇప్పుడు ఎవరు బాగా ఆడుతున్నారన్నది." ఊపిరి తీసుకుంది. "మాల్యాద్రి."

పిల్లల పేర్లు చదివినట్టే చదివింది. కూర్చుందో లేదో కుర్చీతో సహా గాల్లోకి లేచింది.

"చూసినారా నా చెల్లెల్ని!" సుశీల్ కుర్చీని భుజానికెత్తుకుని రింగు చుట్టూ తిరుగుతున్నాడు. "మా నాయన ఉంటే ఈ రోజు కోడి కోసేవాడు!"

"దించన్నా, పడతా!"

"పడవు. ఎగువ మూలకే పోతుండా!"

వెంకటశేషమ్మ ఎదురొచ్చి కెజియా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. ఆ వెంటనే సుశీల్ వీపు మీద ఒక్కటి చరిచి, కళ్లు ఒత్తుకుంది.

రేకుల కింద సిగ్నలు అందదు. ఫోను పట్టుకుని నరేంద్రబాబు చెరువు గట్టు మీదికి నడిచాడు. అరవై మందీ వెంట నడిచారు. పేరుతో పాటు పంపడానికి మాల్యాద్రి కుట్లకు ముందు తీసిన ఫోటో కోసం పది నిమిషాలు, అది ఎక్కడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. సముద్రం మీది నుంచి గాలి ఆగకుండా వస్తోంది. నాలుగూ యాభై రెండుకి ఫోను మోగింది. పేరు చేరింది. సుబ్బు ఏ ఊరిదని చూసుకోకుండా ఈల వేశాడు. ఎవరో సోడాలు తెప్పించారు.

మాల్యాద్రి తన సోడా తాగలేదు. గట్టు మీద అందరికీ కాస్త ఎడంగా నిలబడి, "నరేంద్రబాబు సార్," అన్నాడు. "ఇప్పుడు పంపిన పేరు మార్చుకోవచ్చా?"

"దెబ్బ తగిలితేనో, జ్వరమొస్తేనో మార్చుకోవచ్చు. మళ్లీ సెలెక్షన్ బౌట్ పెట్టినా మార్చుకోవచ్చు. ఇరవై ఏడు దాకా గడువుంది. ఏం?"

"నా కుట్లకి డాక్టరు చెప్పిన గడువు ఇరవై నాలుగుకి తీరిపోతాది." సుశీల్ వైపు తిరిగాడు. "అన్నా, ఆ పేజీ నీకు బరువని కొట్టేయించినావు. అది నాకూ బరువే. సున్నా, సున్నా అని మా అత్త మురుస్తా ఉంటే ఆరేళ్లుగా నేను తల దించుకునే ఉండా. దీన్ని మోసుకోని నేను రాష్ట్రానికి పోలేను. ఇరవై ఆరు ఆదివారం. సరైన కాటా, సరైన తూకం. నువ్వూ నేనూ. గెలిచినవాడు పోతాడు."

సుశీల్ చిన్నవాడి ముఖంలోకి చాలాసేపు చూశాడు. అతని భుజాలు మెల్లగా విప్పారడం కెజియా గమనించింది. ఆఖరి అవకాశం పోయిందని నవ్వుతూ ఒప్పుకున్న మనిషి ఎక్కడికో వెళ్లిపోయి, అన్నం గిన్నె ముందు ఆకలి మీద కూర్చున్న పాత సుశీల్ వచ్చి నిలబడ్డాడు.

"సరే తమ్ముడూ," అన్నాడు. "రెండు గిన్నెలకి ఇంకోటి కలుపుకో."

గట్టు గట్టంతా అరిచింది. సోడాలు చొక్కాల మీద ఒలికాయి. వెంకటశేషమ్మ అప్పుడే ట్రాలీలు లెక్కపెడుతోంది. ఆ గోలలో నరేంద్రబాబు చెయ్యెత్తాడు.

"ఆగండి, ఆగండి. సెలెక్షన్ బౌట్ అంటే లైసెన్సు ఉన్న రిఫరీ కావాల. లేకపోతే రాష్ట్రంవాళ్లు ఒప్పుకోరు. మన జిల్లాలో ఆ లైసెన్సు ఉన్నది..."

ఒక్కొక్కరే కెజియా వైపు తిరిగారు. పోయిన ఏడాది రిఫరీ పరీక్ష రాసి, ఇంతవరకు స్కూలు పిల్లల బౌట్లు మాత్రమే ఆడించిన కెజియా చేతిలో సోడా బుడ్డి అట్లాగే ఉండిపోయింది. ఆ ఇద్దరి మధ్య తాను. తెల్ల చొక్కా వేసుకుని. ఎవరైనా కింద పడితే పది దాకా లెక్కపెడుతూ.

"అక్క అయితే నాకేం అభ్యంతరం లేదు," వెంటనే అన్నాడు మాల్యాద్రి. "గీతని దాచని మడిసి ఆమె."

విడవలూరు వైపు నుంచి కూడా అవునన్నారు. హజరత్తయ్య తల ఊపాడు. ఇక మిగిలింది ఒక్కడే. సుశీల్ నవ్వుతూ ఏదో ఒక వేళాకోళం ఆడతాడని అందరూ అటు చూశారు.

సుశీల్ నవ్వలేదు. చెల్లెలి కళ్లలోకి చూడకుండా చెరువు వైపు తిరిగాడు.

"నాకుండాది అభ్యంతరం," అన్నాడు.